నిర్బంధము వీడిన బాలునికి వైద్యము



నేను బడిపంతులుగా నున్న దినములలో హాజరుపట్టీయందు రెండు పనులు చేయుచుంటిని. రాని పిల్లవానికి గైరుహాజరు వేయుట యొకటి. పేరునే కొట్టివేయుట మఱియొకటి. మొదటివాడు మరునాడు వచ్చి తన చోట కూర్చుండును. రెండవవాడు పెద్దలను వెంటబెట్టుకొని వచ్చి మరల చేరవలయును. వెంట వచ్చు పెద్దలు లేనివాడు తరచుగా రానే రాడు. అమెరికా దేశపు బాలనేరస్థుల వైద్యవిషయమున నీ భేదమే ముఖ్యమైనది.

ఆ దేశమున బీదలకు ప్రభుత్వధనముతో వైద్యము చేయించు 'మెడికెయిడ్' అను నేర్పాటు 1965లో శాసనమైనది. నిర్బంధమున నున్నవారిని బయటి ఆసుపత్రిలో చేర్చినపుడు దక్క, వారికై యా ధనమును వ్యయింపరాదని అందే నిషేధము కలదు. బాలురకును నిది వర్తించెను. అందుచే పలుచోట్ల బాలుడు లోనికి పోగానే పట్టికలో నతని పేరు కొట్టివేయుచుండిరి. విడుదలయైనవాడు మరల దరఖాస్తు పెట్టుకొని వేచియుండవలసి వచ్చెను. ఈలోగా చేతనున్న మందు అయిపోవును. మూర్ఛరోగి హఠాత్తుగా మందు మానినచో మూర్ఛలు తిరుగబెట్టుననుట వైద్యులెల్ల నెఱిగినదే.

2018 నాటి శాసనము ఈ పద్ధతిని మార్చినది. ఇరువది యొక్క యేండ్లలోపువారు నిర్బంధములో నున్నారను కారణమున వారి పేరు కొట్టివేయరాదు. తాత్కాలికముగా నిలిపి యుంచవచ్చును. 2022 డిసెంబరులో నింకొక శాసనమును చేసి, 2025 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిరి. దాని ప్రకారము, శిక్ష నిర్ణయమైన బాలునికి విడుదలకు ముందటి 30 దినములలో దేహమును, దంతములను, మనస్సును పరీక్షింపవలయును. ఆ దినములందును, విడుదల పిమ్మట కనీసము 30 దినములును, వైద్యుని కుదుర్చుటకు, మందు లభింపజేయుటకు నొక సహాయకుడు తోడ్పడవలయును.

"నేరము చేసినవానికి ప్రజాధనమేల?" అని కొందఱందురు. న్యాయాధిపతి విధించినది నిర్బంధము, రోగమును విధింపలేదు. గడువు తీరిన పిమ్మటను మందు దొరకకుండుట విధింపని శిక్షయే యగును.

అయినను శాసనమొక్కటియే చాలదు. బాలుడెన్నడు విడుదలగునో నిర్బంధగృహమువారు వైద్యశాఖకు ముందుగా తెలుపవలయును. ఆ కబురు ఒక్క వారము ఆలస్యమైనచో, నిలిపియుంచిన పేరునకును కొట్టివేసిన పేరునకును ఆ బాలుని మట్టుకు భేదమేమి? పట్టీ వ్రాయువారు ఈ మాట మఱవకుందురు గాక!