పాత సైకిల్ విప్పే ముందు: ఏ పానా, ఎటు తిప్పాలి?

లాల్‌దర్వాజా నుంచి ఇంకో ఎపిసోడ్. ఈ వారం టాపిక్ మీలో చాలామంది అడిగిందే. ఇంట్లో తాతదో నాన్నదో పాత అట్లాస్, హీరో, హెర్క్యులిస్ ఉంది, బాగు చేద్దామంటే పార్టులు ఊడట్లేదు, ఏం చేయాలి?

మా ఏరియాలో పాత సైకిల్ అంటే షోకు కాదు. పొద్దున్నే పాలు పోసే అన్న, పూలు అమ్మే కాకా ఇంకా దాని మీదే తిరుగుతున్నారు. బండి ఆగితే ఆ రోజు బేరం పోయినట్టే. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున. చిన్న పార్టులు లూధియానా నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. కానీ ఫ్రేమ్‌లో మరలు చెడితే అంత ఈజీగా బాగుపడవు. కోడ్‌లో తప్పు చేస్తే కంట్రోల్ జెడ్ కొడతాం, ఇనుముకి ఆ బటన్ లేదు. అందుకే సుత్తి పట్టుకునే ముందు ఇది వినండి.

మొదట పానా సైజు. పాత బండ్లలో కొన్ని నట్లు అంగుళాల కొలతలో ఉంటాయి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 నంబరు పానా పెడితే పట్టినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే జారి నట్టు మూలలు కొట్టుకుపోతాయి. పానా పెట్టి కొంచెం ఊపి చూడండి. ఆడుతుంటే అది మీ సైజు కాదు. స్క్రూ తిప్పే పానా అయితే నట్టుకి ఆనేదాకా బిగించి, అప్పుడు లాగండి.

రెండోది పెడల్. ఎడమ పెడల్‌కి రివర్స్ మర ఉంటుంది. తొక్కుతుంటే దానంతట అదే ఊడిపోకుండా అలా పెట్టారు. ఇది తెలియక చాలామంది విప్పుతున్నాం అనుకుంటూ ఇంకా బిగిస్తారు. గుర్తుపెట్టుకోవడానికి ఒకటే రూల్: పానా పిడి పైకి ఉండేలా పెట్టి, వెనక చక్రం వైపు లాగండి. రెండు వైపులా ఇదే పని చేస్తుంది. చైన్‌ని ముందు పళ్ల చక్రం మీదే ఉంచండి. పానా ఒక్కసారిగా వదిలితే చెయ్యి వెళ్లి ఆ పళ్లకే తగులుతుంది.

మూడోది కాటర్ పిన్, అసలు తలనొప్పి ఇదే. క్రాంక్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచే ఏటవాలు పిన్ అది. రాత్రే దాని మీద తుప్పు వదిలించే ఆయిల్ వేసి వదిలేయండి. పొద్దున నట్టుని పూర్తిగా తీయకుండా, పిన్ చివరతో సమానంగా వచ్చేదాకా వదులు చేయండి. అప్పుడు దెబ్బ పడినా మరలు నలగవు. క్రాంక్ కింద, పిన్ తల దూరేంత బోలు ఉన్న ఇనుప పైపు ముక్క నిలబెట్టండి, దాని అడుగు గట్టి నేల మీద ఉండాలి. ఈ పైపు లేకపోతే మీరు కొట్టే దెబ్బంతా యాక్సిల్ బేరింగుల మీద పడుతుంది. సన్న సుత్తితో వంద దెబ్బలు కొడితే పిన్ వంగుతుంది. బరువైన సుత్తితో ఒకటి రెండు తిన్నని దెబ్బలు చాలు. దాన్ని నొక్కి తీసే ప్రెస్ దొరికితే ఇంకా మంచిది. కళ్లద్దాలు తప్పనిసరి. కొత్త పిన్ కొనేటప్పుడు పాతది జేబులో వేసుకెళ్లండి, 9, 9.5 మిల్లీమీటర్లు రెండు సైజులూ ఉంటాయి.

నాలుగోది వెనక ఫ్రీవీల్. లోపల చూస్తే చాలా పాతవాటికి రెండు గాడులు కనిపిస్తాయి. ఆ గాడుల్లో సరిగ్గా కూర్చునే రిమూవరే కావాలి, ఉలి పెట్టి కొడితే గాడి పగిలిపోతుంది. రిమూవర్ కూర్చున్నాక యాక్సిల్ నట్టుతో దాన్ని అదిమి పట్టండి. రిమూవర్‌ని బెంచ్ వైస్‌లో బిగించి, రిమ్‌ని స్టీరింగ్‌లా రెండు చేతులతో పట్టుకుని, పైనుంచి చూస్తే ఎడమకి తిప్పండి. కదిలిన వెంటనే ఆ నట్టు వదులు చేయడం మర్చిపోవద్దు. ముఖ్యమైన మాట: ఫ్రీవీల్ తీయకుండా స్పోకులు కోయొద్దు. చక్రం లేకపోతే హబ్‌ని పట్టుకుని తిప్పడానికి ఏమీ మిగలదు.

క్రాంక్ దగ్గర కుడివైపు కప్పుకి కూడా రివర్స్ మరే. అది బాగుంటే ముట్టుకోవద్దు, ఎడమ కప్పు విప్పితే శుభ్రం చేయడానికి చాలు.

పనిముట్లకి రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపులు ఉన్నాయి. పాత పానాలకి గురువారం జుమ్మేరాత్ బజార్ ఒక రౌండ్ వేయండి. ఏ పార్టుకి కావాలో ఆ పార్టు ఫొటో, కొలత ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి.

ఒకసారి మాత్రమే వాడే రిమూవర్ కొనడం దండగ అనిపిస్తే పర్లేదు. ఒకప్పుడు గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే సైకిల్ టాక్సీ షాపులు ఉండేవి, మీ నాన్నని అడగండి, చెప్తారు. వాటిలో పని నేర్చుకున్న పెద్ద మెకానిక్ మీ గల్లీలో ఉంటే ఆయన దగ్గరికే వెళ్లండి. డబ్బులు ఇవ్వండి, పక్కన నిలబడి చూడండి. ఆయన చేతిలో ఉన్న లెక్క ఏ వీడియోలోనూ దొరకదు, నా దాంట్లో కూడా.

మీ దగ్గర ఏ పార్టు పట్టేసిందో కామెంట్‌లో రాయండి, రెండు వైపులా తీసిన ఫొటో లింక్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో విప్పినవి మళ్లీ బిగిద్దాం. ఉంటాను మరి.