అమ్మ పనిలో ఉన్న వేళ అమ్మపాలు

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల గొప్పతనం గురించి మనం ఎన్నో మాటలు వింటాం. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదని ఆస్పత్రి గోడల మీద రాసి ఉంటుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ పోస్టరులోని తల్లిని గమనించారా? ఆమె ఎప్పుడూ ఇంట్లో, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, తీరిగ్గా నవ్వుతూ కూర్చుని ఉంటుంది. ఆమెకు బస్సు టైము కాదు. మేస్త్రీ కేకెయ్యడు. మూడు నెలల బిడ్డను వదిలి ఎనిమిది తొమ్మిది గంటలు బయట ఉండవలసిన తల్లి గురించి ఆ పోస్టరు ఒక్క మాట చెప్పదు. ఆ గంటల్లో బిడ్డకు పాలు ఎవరు పట్టాలి? ఎలా పట్టాలి? ఆ పాలు తీయడానికి తల్లికి చోటెక్కడ? ఈ పూట వీటి గురించే మాట్లాడతాను.

నా అనుభవంతోనే మొదలుపెడతాను. 1996లో నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం చేసేదాన్ని. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం అప్పట్లో సెలవు పన్నెండు వారాలు. అందులో మూడు వారాలు కాన్పుకు ముందే అయిపోయాయి. పాపకు తొమ్మిది వారాలు నిండేసరికి నా సెలవూ నిండింది. సోమవారం డ్యూటీలో చేరాలనగా ఆదివారం సాయంత్రం మా ఆయన ఒక పాలసీసా కొనుక్కొచ్చారు. పాలు పిండి అందులో పోసి, నేనే పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని పాలపీక నోట్లో పెట్టాను. నాలుకతో బయటికి నెట్టేసింది. మళ్ళీ పెడితే మొహం తిప్పేసుకుంది. మూడోసారికి గుక్కపట్టి ఏడ్చింది. పాపతో పాటు నేనూ ఏడ్చాను. "ముందే అలవాటు చెయ్యకపోతే ఇలాగే మొండికేస్తారమ్మా" అని పక్కింటావిడ అంది. బిడ్డ మొండిది, తల్లి తెలివితక్కువది. అక్కడితో విచారణ అయిపోయింది.

సోమవారం పదకొండు గంటలకల్లా పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. బాత్‌రూములో వాష్‌బేసిన్ ముందు నిలబడి పాలు పిండి పారబోశాను. బయట ఎవరో తలుపు కొడుతూనే ఉన్నారు. పిండిన పాలు తొక్కుడు పడకూడదని, చెట్టు మొదట్లో పొయ్యాలని మా అత్తయ్య చెప్పేవారు. ఆఫీసు బాత్‌రూములో చెట్టెక్కడిది? ఇంటి దగ్గర నా బిడ్డ ఆకలితో ఏడుస్తోంది. ఇక్కడ దాని పాలు నేను మురిక్కాలువలోకి పంపుతున్నాను. ఆ రోజంతా పాప తాగింది నాలుగు చెంచాలట. రాత్రంతా మాత్రం నన్ను వదల్లేదు.

మూడో రోజున మా అత్తయ్య అటక మీది పెట్టెలోంచి ఉగ్గుగిన్నె దింపారు. మా ఆయనకు చిన్నప్పుడు ఆముదం పట్టిన గిన్నె అది. దాన్ని నీళ్ళలో మరగబెట్టి, పాపను నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించారు. పొయ్యలేదు, ఊరికే ఆనించి పట్టుకున్నారు. పాప నాలుక చాపి చప్పరించింది. ఆ వారం తిరిగేసరికి పూటకు ఆ గిన్నెడు తాగడం నేర్చుకుంది. మా వీధిలో ఉండే ఒక నర్సు నాకు చేత్తో సరిగ్గా పాలు తీయడం నేర్పింది. ఈ రెండూ నాకు పది రోజుల ముందే ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంట్లో అంత ఏడుపు ఉండేది కాదు. అందుకే మీకు ఇప్పుడు వివరంగా చెబుతున్నాను. మీ బస్తీల్లో, ఊళ్ళలో చెప్పండి.

ముందు బిడ్డ సంగతి. సీసా పట్టని బిడ్డ మొండిది కాదు. చన్ను దగ్గర బిడ్డ నాలుకతో, దవడతో పనిచేసి పాలు రప్పించుకుంటుంది. రబ్బరు పీక తీరు వేరు, అందులోంచి పాలు వచ్చే వేగం వేరు. బిడ్డకు అదొక కొత్త పని. ఏ కొత్త పనికైనా నేర్చుకునే వ్యవధి కావాలి. చన్ను తాగడం బాగా కుదిరాక, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు గడిచాక మొదలుపెట్టవచ్చు. తల్లి పనిలో చేరడానికి కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి. రోజుకు ఒక్కసారి చాలు, 15 నుంచి 30 మిల్లీలీటర్లు చాలు. ఆ మొదటి రోజుల్లో కడుపు నింపడం కాదు మన ఉద్దేశం, పరిచయం చెయ్యడం.

ఆ పని తల్లి చెయ్యకూడదు. తల్లి వాసన తగులుతుంటే బిడ్డ చన్నే వెతుక్కుంటుంది. రేపు పగలంతా ఎవరి దగ్గర ఉండబోతోందో వాళ్ళే పట్టాలి. నాయనమ్మ కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, ఆయా కావచ్చు. తండ్రి ఎందుకు కాకూడదు? పాలివ్వడం మగవాడి వల్ల కాదని ఇంతకాలం తప్పించుకున్నారు. పిండి పెట్టిన పాలు పట్టడం వాళ్ళ వల్ల ఎందుకు కాదు? తల్లి ఇంకో గదిలో ఉండాలి, ఒకే గది ఇల్లయితే కాసేపు బయటికి వెళ్ళాలి.

బిడ్డ ఆకలితో గుక్కపట్టే దాకా ఆగకండి. అప్పుడే ఆకలి మొదలై చేతులు నోట్లో పెట్టుకునే వేళ చూసి పట్టండి. పడుకోబెట్టి పొయ్యకండి, పొలమారుతుంది. నిటారుగా కూర్చోబెట్టి తల వెనక చెయ్యి ఆనించండి. సీసా అయితే పైకెత్తి ఒంపకుండా అడ్డంగా పట్టుకోండి, మధ్య మధ్య ఆపండి, ఊపిరి తీసుకోనివ్వండి. పది నిమిషాలు చూసి వద్దంటే ఆపెయ్యండి. బలవంతంగా పడితే బిడ్డకు మిగిలేది భయమే. తల్లి చన్నిచ్చి ఊరుకోబెట్టవచ్చు. మర్నాడు మళ్ళీ ప్రయత్నించండి.

సీసా మంచిదా, గిన్నె మంచిదా అని మీరడుగుతారు. మన ఆరోగ్య కార్యకర్తలు గిన్నె, చెంచా, ఉగ్గుగిన్నెలనే వాడమంటారు. అందుకు కారణం ఉంది. సీసా మెడలో, పీక సందుల్లో పాల జిడ్డు పేరుకుని క్రిములు చేరతాయి. నీళ్ళకు, వంటచెరుకుకు కరువైన ఇంట్లో దాన్ని పూటపూటా మరగబెట్టడం జరిగే పని కాదు. గిన్నె అయితే లోపలంతా కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. డబ్బాపాలతో పాటు పాలసీసాల ప్రకటనలను కూడా 1992లో వచ్చిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం నిషేధించింది. 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అయితే ఒక్క మాట. చట్టం కట్టడి చేసింది కంపెనీలను, తల్లులను కాదు. శుభ్రంగా మరగబెట్టుకుని సీసా వాడే తల్లిని, పాలు చాలక డబ్బా కొన్న తల్లిని దోషిగా నిలబెట్టే పని మనం చెయ్యవద్దు. ఆమె ఏ పరిస్థితిలో ఆ పని చేసిందో ముందు అడుగుదాం.

ఇక పాలు తీయడం. యంత్రం కొనుక్కోలేమని దిగులుపడనక్కర్లేదు, చేత్తో తీయవచ్చు. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయానికి కాస్త వెనకగా పెట్టాలి. వేళ్ళు ముందు గుండె వైపుకు నొక్కి, తర్వాత ఒకదానికొకటి దగ్గరగా నొక్కి వదలాలి. చనుమొనను పట్టి లాగకూడదు. మొదట చుక్కలే వస్తాయి, కాసేపటికి చేపు వచ్చి ధారలు కడతాయి. అలవాటయ్యేదాకా ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. పనిలో ఉన్నప్పుడు సుమారు మూడు గంటలకోసారి తీయాలి. తీయకపోతే పాలు గడ్డకడతాయి, జ్వరం రావచ్చు, మెల్లగా పాలు తగ్గిపోతాయి.

తీసిన పాలు మరగబెట్టిన స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉంచాలి. గది వేడి 25 డిగ్రీలు మించకపోతే నాలుగు గంటల దాకా ఉంటాయి. మన వేసవిలో అంత చల్లటి గది ఎవరికుంటుంది? కనుక ఫ్రిజ్ గాని ఐసు ముక్కల డబ్బా గాని చూసుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టినవి మర్నాడు వాడవచ్చు. పాల మీద వెన్న తేలితే విరిగాయని పారబొయ్యకండి, గిన్నెను మెల్లగా తిప్పితే కలుస్తుంది. పొయ్యి మీద పెట్టవద్దు, వేడినీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచితే చాలు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబొయ్యాలి.

ఇంతవరకు చెప్పింది ఇంట్లో నేర్చుకోగలిగిన విద్య. ఉగ్గుగిన్నెతో నా బిడ్డ దారికొచ్చింది గాని, నా ఆఫీసు దారికి రాలేదు. పాలు తీసుకోవడానికి ఒక చోటు చూపించమని అడిగితే, "ఇది ఆఫీసమ్మా, పురిటిగది కాదు" అన్నారు మా మేనేజరు. నాకు ముందు ఆ ఆఫీసులో ఇద్దరు కాన్పుకు వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళకు ఇల్లే ఇష్టమని అందరం అనుకున్నాం. ఆ రోజు నాకు అసలు సంగతి అర్థమైంది. తెలిసిన వకీలు ఒకరు చట్టం తీసి 11వ సెక్షను చూపించారు. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా మామూలు విశ్రాంతి కాక రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలని అందులో ఉంది. ఆ కాగితం జతచేసి, నలుగురు ఆడవాళ్ళం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. నెల రోజులు నానబెట్టి, పాత ఫైళ్ళ గదికి లోపల గడియ పెట్టించారు. ఆ గడియ విలువ ఎంతో నాకు తెలుసు. కాని ఆ నెలలో నా పాలు సగానికి పడిపోయాయి. అవి మళ్ళీ మునుపటిలా రాలేదు.

ఆ తర్వాత చట్టం మారింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవు 26 వారాలైంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళిరావచ్చని వచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులు ఉన్నాయి. మంచిదే. కానీ విరామం ఇచ్చింది బిడ్డ పక్కనుంటే పాలివ్వడానికి. బిడ్డ పది మైళ్ళ దూరంలో ఉన్న తల్లి పాలు తీసుకోవడానికి గది కావాలని ఆ చట్టం రాయలేదు.

ఇక కూలీ తల్లుల మాటేమిటి? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి, బాలింతకు ఆరు వేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో తెచ్చిన పథకం మొదటి కాన్పుకు ఐదు వేలుగా మొదలైంది. ఆరు నెలలు బిడ్డ దగ్గరే ఉండమని చెప్పే ప్రభుత్వం ఆ ఆరు నెలలకు లెక్కగట్టిన కూలి ఇంత! 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని రాశారు. మీలో ఎంతమంది ఆ మనిషిని కళ్ళారా చూశారు?

కనుక మనం చెయ్యవలసినవి చెబుతాను. బిడ్డకు పాలు పట్టే విద్యను తల్లికే కాదు, ఇంట్లో మిగతావాళ్ళకు కూడా నేర్పాలి. ప్రతి పనిచోటా లోపల గడియ, ఒక కుర్చీ, చేతులు కడుక్కునే నీళ్ళు ఉన్న గది అడగాలి. బాత్‌రూము చూపిస్తే ఒప్పుకోకూడదు. మనం అన్నం ఎక్కడ వండుకుంటామో బిడ్డ ఆహారమూ అలాంటి చోటే తయారవ్వాలి. పాలు తీసుకునే సమయాన్ని జీతంలో కోయకూడదు. కాంట్రాక్టు కార్మికులకు, దినకూలీలకు ఇవన్నీ వర్తించాలి. ముందు మన సంస్థల్లోనే ఇవి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఆ రోజు సీసాను నెట్టేసిన నా కూతురు ఇప్పుడు తల్లి. ఆమెకు 26 వారాల సెలవొచ్చింది. ఆమె ఆఫీసులో పాలు తీసుకోవడానికి చిన్న గది, ఫ్రిజ్ ఉన్నాయి. నాకు సంతోషం. ఒకరోజు చెప్పింది: ఆ గది ఊడ్చే అమ్మాయికి ఇంటి దగ్గర నాలుగు నెలల బిడ్డ ఉందట. కాంట్రాక్టరు కింద పనిచేస్తోంది. "నువ్వూ వాడుకో" అంటే, "మా సూపర్‌వైజరు చూస్తే పనిలోంచి తీసేస్తాడక్కా" అందట. బాత్‌రూములోనే పిండి పారబోస్తోందట.

మిత్రులారా, ఆ గది తాళం ఆ అమ్మాయి చేతికి వచ్చినప్పుడే ఈ హక్కు మనందరికీ వచ్చినట్టు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.