కేబుల్ ఊడితే మోటారు ఆగుతుందా?

మోటారు కంట్రోలర్‌తో మాట్లాడటం, అది చెప్పేది వినడం, ఈ రెండూ ఈరోజు చూద్దాం.

ముందు ఒక ప్రశ్న. రోబో నడుస్తుండగా కంప్యూటర్ నుంచి కంట్రోలర్‌కి వెళ్లే కేబుల్ ఊడిపోయింది. రోబో ఆగుతుందా? "సిగ్నల్ లేదు కదా, ఆగిపోతుంది" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి రోబో ఆగలేదండి, అదే స్పీడుతో వెళ్లి గోడని గుద్దింది.

ఎందుకో చూద్దాం. మోటారు షాఫ్ట్‌కి ఎన్‌కోడర్ ఉంటుంది. దాని ఎ, బి సిగ్నళ్లలో ఏది ముందు వస్తుందో చూస్తే తిరిగే దిశ తెలుస్తుంది. చుట్టుకి 1024 పల్సులిచ్చే ఎన్‌కోడర్‌లో రెండు సిగ్నళ్ల అంచులూ లెక్కపెడితే 4096 వస్తాయి. అడిగిన స్పీడుకీ, ఉన్న స్పీడుకీ తేడా చూసి కంట్రోలర్ వోల్టేజి సరిచేస్తుంది. ఇదే ఫీడ్‌బ్యాక్ లూప్. ఇది కంట్రోలర్‌లోనే ఉండాలి. కంప్యూటర్ దాకా లాగితే ఆలస్యం పెరిగి మోటారు ఊగుతుంది.

కంప్యూటర్ మాత్రం "ఇంత స్పీడు" అని చెబితే చాలు. దీనికి చాలామంది క్యాన్ బస్ వాడతారు. రెండు తీగలు, సెకనుకి 1 మెగాబిట్ వరకు వేగం, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు. పవర్ తీసేసి ఆ రెండు తీగల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక రెసిస్టర్ లేదన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. కేబుల్ ఊడినా ఫీడ్‌బ్యాక్ లూప్ ఆగదు. చివరగా విన్న స్పీడునే నమ్మకంగా కాపాడుతుంది. నా రోబోలో జరిగింది అదే. లూప్ బాగానే పనిచేసింది, అందుకే గోడని గుద్దింది!

దీనికి మందు టైమౌట్. కంప్యూటర్ ప్రతి 20 మిల్లీసెకన్లకి కమాండ్ మళ్లీ పంపాలి. 100 మిల్లీసెకన్లపాటు ఏదీ రాకపోతే కంట్రోలర్ తనంతట తానే ఆపేయాలి. సెకనుకి మీటరు వేగంతో వెళ్లే రోబో ఆ లోపల 10 సెంటీమీటర్లు కదులుతుంది, ఆపైన బ్రేక్ దూరం. మీ రోబో దగ్గర పిల్లలుంటే ఈ లెక్క ముందే వేసుకోండి.

ఒక జాగ్రత్త. బరువు ఎత్తిన రోబో చేతికి పవర్ తీసేస్తే అది కింద పడుతుంది. అక్కడ ఆపడమంటే ఉన్నచోటే పట్టి ఉంచడం, లేదా బ్రేక్ వేయడం.

ఈరోజే చేయండి. చక్రాలు నేలకి తగలకుండా రోబోని ఎత్తిపెట్టి, నడిపి, కేబుల్ పీకండి. ఆగకపోతే దాన్ని ఇంకా నేల మీద పెట్టొద్దు. మళ్లీ కలుద్దాం.