కంపెనీ డబ్బు, ఓటరు హక్కు

(మాదాపూర్‌లో ఐ.టి. ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైటెక్ సిటీలో మనమంతా ఏదో ఒక కంపెనీ గుర్తింపు కార్డు మెడలో వేసుకు తిరిగేవాళ్లమే. కంపెనీ మనకు జీతమిస్తుంది. అంతమాత్రాన మన తరఫున రాజకీయాలు మాట్లాడే హక్కు దానికి రాదు. మరి కంపెనీలు పార్టీలకు కోట్లు ఇస్తే అది వాక్ స్వాతంత్ర్యం అవుతుందా?

ఎన్నికల ప్రచారానికి కంపెనీలు, యూనియన్లు స్వతంత్రంగా పెట్టే ఖర్చును నిషేధించడం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 2010లో అంది. మన రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలో ఆ హక్కును పౌరులకు ఇచ్చింది. కంపెనీ పౌరురాలు కాదు.

ఇక్కడ ఒక కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో ఏడున్నర శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న నియమం ఉండేది. 2017లో దాన్ని ఎత్తేశారు. ఏ పార్టీకి ఇచ్చిందీ లెక్కల్లో చూపనక్కర్లేదన్నారు. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వీటన్నిటినీ కొట్టేసింది. పార్టీకి డబ్బెక్కడిదో తెలుసుకోవడం ఓటరు హక్కని, ఆ హక్కు 19(1)(ఎ)లోనిదేనని చెప్పింది.

ఆ తర్వాతే పేర్లు బయటికొచ్చాయి. హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొన్నది. రాయదుర్గంలో కార్యాలయమున్న అరబిందో ఫార్మా 52 కోట్లవి కొన్నది. అప్పటి చట్టం ప్రకారం కొనడం నేరం కాదు. కానీ 2023 నవంబరులో శాసనసభకు ఓటేసినప్పుడు మనకివేవీ తెలియవు.

సంఘాల నోరు కూడా మూయించాలా అని అడుగుతారు. సంఘంలో మనుషులు ఇష్టపడి చేరతారు, చర్చించి మాట్లాడతారు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ల సారా వ్యతిరేక సంఘాల దగ్గర కోట్లు లేవు, గొంతే ఉంది. 1993లో సారా నిషేధం సాధించారు. కంపెనీ విరాళాన్ని నిర్ణయించేది డైరెక్టర్లు. ఉద్యోగినిని ఎవరూ అడగరు.

పని ఇంకా మిగిలే ఉంది. అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు. ఈ డబ్బు పోటీలో ముందుగా వెనకబడేది అండలేని ఆడవాళ్లే. కంపెనీలు ఎలక్టోరల్ ట్రస్టుల ద్వారా ఇప్పటికీ విరాళాలివ్వవచ్చు. ఇరవై వేలు దాటిన విరాళాల వివరాలు పార్టీలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. అవి చదవండి. మీ కంపెనీ వార్షిక నివేదిక తెరిచి చూడండి. తెలుసుకుని అడగడం మన హక్కు. అడుగుదాం.