కోరంగి రేవు

గౌతమీ గోదావరి నుండి యానాం సమీపమున ఒక చిన్న పాయ చీలి, ఉత్తరముగా కాకినాడ అఖాతము వైపు సాగుతున్నది. దాని ఒడ్డున ఉన్న గ్రామమే కోరంగి. యానాం నుండి కాకినాడకు బస్సులో పోయేవారు ఈ పల్లెను చూచి, ఇది ఒకనాడు ఖండాంతరములకు పేరు మ్రోగిన రేవని ఊహించలేరు.

సముద్రపు తాకిడి లేకుండా, పాయ లోపల ఓడలు నిలువగల చోటు దొరకడమే ఆ వైభవమునకు మూలము. పద్దెనిమిదవ శతాబ్దిలో ఇక్కడ ఓడలు కట్టేవారు. దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. బర్మా వెళ్లిన తెలుగువారు ఏ ఊరివారైనా సరే, అక్కడివారు వారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. ఆ పిలుపు ఈ రేవు పేరు నుండి వచ్చినదేనని పెక్కుమంది అభిప్రాయము.

1789 డిసెంబరులో పెనుతుఫాను వచ్చినది. ఒకదాని వెంట ఒకటిగా మూడు మహాతరంగములు లేచి, లంగరు వేసిన ఓడలను నేలమీదికి విసరి, ఊరిని ముంచివేసినవి. బ్రతికినవారు కొద్దిమంది. అయినను రేవు మరల లేచి నిలిచినది. 1839 నవంబరులో మరియొక ఉప్పెన దానిని నేలమట్టము చేసినది. తుఫానులను పరిశీలించి, చుట్టచుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాట నుండి 'సైక్లోన్' అను పేరు కల్పించిన హెన్రీ పిడింగ్టన్, 1789 నాటి కోరంగి ఉత్పాతమును గూర్చి వ్రాసినారు.

ఉప్పెనల పిమ్మట కూడ ఊరు మిగిలినది గాని, రేవు మిగులలేదు. ఏటేటా గోదావరి తెచ్చిన ఒండ్రు పాయను పూడ్చివేసినది. ఓడల వర్తకము కాకినాడకు తరలిపోయినది.

శ్రోతలు ఒక సంగతి గమనించవలెను. రేవును పూడ్చిన ఆ ఒండ్రులోనే మడచెట్లు వేరూనినవి. 1978లో ఈ మడ అడవులను అభయారణ్యముగా ప్రకటించినారు. దాని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చేపలకు, రొయ్యలకు అది పుట్టినిల్లు. అంతకంటె ముఖ్యముగా, ఉప్పెన వచ్చినపుడు కెరటముల ఉరవడిని తగ్గించే గోడ అది. రెండుసార్లు మునిగిన ఊరికి ఆ గోడ విలువ మరియొకరు చెప్పనక్కరలేదు. వంటచెరకు కొరకు, చెరువుల కొరకు ఒక్కొక్క చెట్టు నరకునపుడు, కోరంగి చరిత్రను ఒక్కసారి తలచుకొనుట మనకే మేలు.