పదిహేనో క్లబ్బు

గోల్ఫ్ ఆటగాడి సంచిలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1938లో పెట్టిన హద్దు ఇది. 2001 బ్రిటిష్ ఓపెన్ చివరి రోజున వేల్స్ ఆటగాడు ఇయాన్ వూస్నమ్ మొదటి హోల్‌లో తొలి దెబ్బకే బంతిని గుంతకు అంగుళాల దూరంలో నిలిపాడు. ఆధిక్యంలో ఉన్నవాళ్ల సరసన చేరాడు. రెండో హోల్ దగ్గర సంచి మోసే క్యాడీ చూసుకుంటే ఏముంది, సంచిలో 15 క్లబ్బులు! అదనంగా ఉండిపోయిన డ్రైవర్ క్లబ్బును వూస్నమ్ ముట్టనైనా లేదు. అయినా రెండు స్ట్రోకుల జరిమానా పడింది. చివరికి మరికొందరితో కలిసి మూడో స్థానంలో మిగిలాడు.

హద్దు ఉండాల్సిందే. లేకపోతే దూరానికో క్లబ్బు మోసుకొస్తారు, నైపుణ్యానికి పనుండదు. కానీ వాడి లాభపడినవాడికీ, అసలు వాడనివాడికీ ఒకే శిక్ష వేయడం అన్యాయం. వాడని క్లబ్బుకు ఒక్క స్ట్రోకు జరిమానా చాలు.