ఇంజను దమ్మును కొలుచుట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో డీజిలు ఇంజను చప్పుడు ఎరుగని చెవి ఉండదు. ఈ మూడు పట్టణములలోను ఆర్టీసీ బస్సు డిపోలు కలవు. వరికోతల వేళ హార్వెస్టరులు, ధాన్యము మోయు లారీలు రాత్రింబవళ్లు తిరుగుచుండును. అట్టి అదనున ఒక బండి సెల్ఫు ఎంత కొట్టినను లేవక, లేచినను తెల్లని పొగ గ్రక్కుచు వణకినచో యజమాని గుండె జారును. వాయిదాల మీద కొన్న బండి యైనచో చెప్పనక్కరలేదు. మెకానిక్కు వచ్చి, క్షణము విని, "బోరు పోయినది, ఇంజను దింపవలెను" అనును. అతని మాట నిజమే కావచ్చును. కాని అందుకు తల యూపుటకు ముందు ఒక కొలత అడుగుట యజమాని హక్కు. ఆ కొలతయే కంప్రెషను పరీక్ష.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు ప్లగ్గు ఉండును. డీజిలు ఇంజనుకు అది లేదు. పిస్టను గాలిని 15 మొదలు 20 రెట్ల వరకు కుదించగా ఆ గాలియే 500 డిగ్రీలకు మించి వేడెక్కును. అందులోనికి చిమ్మిన నూనె తనంతట తానే మండును. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఔగ్స్‌బర్గున విజయవంతముగా నడిపి చూపిన ఇంజనుకు మూలసూత్రము ఇదియే. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగు వేడెక్కుట పిల్లలకును తెలిసినదే. గాలి ఎక్కడనైన కారిపోయినచో ఆ వేడి చాలదు. నూనె మండక తెల్లపొగయై పోవును.

పరీక్షకు ముందు బ్యాటరీ నిండుగా ఉండవలెను. ఇంజను నడచు స్థితిలో ఉన్నచో వేడెక్కనిచ్చి, ఎయిర్ ఫిల్టరు, టాపెట్ల సందు సరిచూడవలెను. టాపెట్టు మరీ బిగుసుకొన్నచో వాల్వు పూర్తిగా మూతపడక, దోషము లేని రింగులపై నింద పడును. పిమ్మట నూనె సరఫరా ఆపి, నాజిలు విప్పి, ఆ రంధ్రమున గేజిని మరలతో బిగించవలెను. పెట్రోలు బండ్ల గేజి ఇక్కడ పనికిరాదు. రబ్బరు మూతిని చేతితో అదిమి పట్టుట ప్రాణాపాయము. ముల్లు పెరుగుట ఆగు వరకు సెల్ఫు కొట్టి, అంకె వ్రాసుకొని, తక్కిన సిలిండర్లను అదే రీతిని చూడవలెను.

పెద్ద ఇంజనులలో ఈ ఒత్తిడి చాలవరకు చదరపు సెంటీమీటరుకు 25 నుండి 35 కిలోల మధ్య ఉండును. హద్దు చెప్పవలసినది మాత్రము తయారీదారు పుస్తకమే. నా దృష్టిలో అంకె ఎత్తుకన్న అంకెల మధ్య తేడాయే ఎక్కువ చెప్పును. ఆరింటిలో అయిదు 28 చూపి, ఒకటి 19 చూపినదనుకొందము. రోగము ఆ ఒక్కదానిదే. ప్రక్కప్రక్క రెండు తగ్గినచో వాటి నడుమ గ్యాస్కెట్టును అనుమానింపవలెను. అన్నియు ఒకే తీరున తగ్గినచో అరుగుదల కావచ్చును, లేదా సెల్ఫు నెమ్మదిగా తిరిగి యుండవచ్చును. అన్నియు బాగున్నచో ఇంజను దింపవలసిన పనియే లేదు. నాజిళ్లను, పంపును పంపు షాపునకు పంపవలెను.

తగ్గిన సిలిండరులో కొంత ఇంజనాయిలు పోసి మరల కొలుచుట పెట్రోలు బండ్ల అలవాటు. డీజిలులో పిస్టనుపై మిగులు చోటు బహు స్వల్పము. ఆయిలు ఎక్కువైనచో కనెక్టింగు రాడ్డే వంగవచ్చును. అంతకన్న మేలైన ఉపాయము చెవి. రెండు వాల్వులును మూసియున్న స్థితిలో పిస్టనును పైకి తెచ్చి, ఇంజను తిరుగకుండ పట్టి ఉంచి, నాజిలు రంధ్రము గుండ గాలి ఎక్కింతురు. సైలెన్సరులో బుసబుస వినిపించినచో ఎగ్జాస్టు వాల్వు. గాలి పీల్చు గొట్టములో ఐనచో ఇన్‌లెట్టు వాల్వు. ఆయిలు పోయు మూత వద్ద ఐనచో రింగులు, లైనరు. రేడియేటరులో బుడగలు లేచినచో గ్యాస్కెట్టు పోయి యుండవచ్చును, హెడ్డు చిట్లి యుండవచ్చును. వాల్వు దోషము హెడ్డు పనితో తీరును. రింగులు, లైనరులైనచో ఖర్చు అనేక రెట్లగును. ఈ భేదము తెలియకయే ఇంజను దింపించుట అప్పును కోరి తెచ్చుకొనుటయే.

కామన్ రైలు ఇంజనులలో కంప్యూటరే సెల్ఫు తిరుగుటలోని హెచ్చుతగ్గులనుబట్టి బలహీన సిలిండరును పట్టి చూపగలదు. అది పోలికయే గాని ఒత్తిడి కొలత కాదు. నూనె గొట్టములలో ఒత్తిడి మిక్కుటము గనుక ఆ ఇంజనులను ఎరిగినవాడే విప్పవలెను. మొండికేసిన బండికి గాలిగొట్టము వద్ద గుడ్డ కాల్చుటయు, ఈథరు చల్లుటయు కొందరు చేయుదురు. బండి లేచును, నిజమే. అకాలమున ప్రేలిన ఆ దెబ్బకు రింగులు విరుగుటయు కలదు.

లైనరులను అరగదీయువానిలో ముఖ్యమైనది దుమ్ము. వరి నలుసులో తిరుగు హార్వెస్టరుకు, గ్రానైటు రాళ్లు మోయు లారీకి ఫిల్టరు పెట్టెలో చిన్న చీలిక చాలును. బండి బాగుగా నడచుచున్నపుడే ఒకసారి కొలిపించి, తేదీతోను తిరిగిన కిలోమీటర్లతోను వ్రాసి ఉంచుకొన్నచో, ముందెన్నడైన పొగ లేచిన దినమున పోల్చి చూచుటకు ఆ అంకెలు చేతిలో ఉండును.